ఆయనకి ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది: ఇక్కడ ఇల్లు ఎలా నడుపుకోవాలి

"అక్కా, మా ఆయనకి ఫీల్డ్ వచ్చింది, ఇప్పుడు నేనేం చేయాలి?" అని గిద్దలూరు, కంభం, కొమరోలు వైపు నుంచి ఎవరో ఒకరు అడగని నెల లేదు. ఫీల్డ్ అంటే భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్లడానికి వీల్లేని సరిహద్దు వైపు ఆర్మీ పోస్టింగ్. మా వైపు మిలిటరీ ఇల్లు లేని వీధి అరుదు, అయినా కొత్తగా పెళ్లయిన పిల్లని కూర్చోబెట్టి ఈ సంగతులు చెప్పేవాళ్లు ఉండరు. అత్తల కాలంలో ఉత్తరాలు, టెలిగ్రాములు. వాళ్ల కష్టం వేరు, ఇప్పుడు చేతిలో ఫోన్ పెట్టుకుని పడే కష్టం వేరు. అందుకే అడిగిన ప్రతిసారీ విడివిడిగా చెప్పకుండా ఒకేచోట రాస్తున్నాను.

నాకు పెళ్లయి పన్నెండేళ్లు. ఇద్దరు పిల్లలు. ఇప్పటికి మూడు ఫీల్డ్ టెన్యూర్లు చూశాను, మొదటిదాంట్లో మా ఇద్దరికీ మాటల్లేని రోజులు కూడా ఉన్నాయి. అప్పుడు నేర్చుకున్నది ఒక్కటే, ఈ రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది: తేల్చాల్సిన పనులన్నీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడే తేల్చి కాగితం మీద పెట్టుకోండి. పైన మంచులో ఉన్న మనిషిని రెండు నిమిషాల ఫోన్‌లో నిర్ణయాలు అడగొద్దు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- ఒక గట్టి ఫైలు, ఒక నోటు పుస్తకం. పుస్తకం ఎందుకో కింద చెప్తాను.
- ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, రికార్డుల్లో ఉన్నట్టే పూర్తి పేరు, యూనిట్ పేరు, 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసు. ఇది నోటికి వచ్చి ఉండాలి.
- యూనిట్‌లో కనీసం ఇద్దరి ఫోన్ నంబర్లు, అదే యూనిట్‌లో ఉన్న మరో తెలుగాయన భార్య నంబరు.
- జాయింట్ అకౌంట్ పాస్‌బుక్, మీ చేతిలో మీ పేరు మీద ఏటీఎం కార్డు.
- డిపెండెంట్ కార్డు, క్యాంటీన్ కార్డు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పెళ్లి సర్టిఫికెట్, ఇద్దరూ కలిసి దిగిన పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు పది.
- పొలం ఉంటే పట్టాదారు పాస్‌బుక్, 1బీ, అడంగల్ కాపీలు. బంగారం తాకట్టులో ఉంటే ఆ రసీదు కూడా.

1. రికార్డుల్లో మీ పేరు ఎక్కిందో లేదో ముందు చూడండి

పెళ్లయితే చాలదు, ఆ పెళ్లి పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే జవాను వివరాల్ని ఆర్మీ రికార్డుల్లోకి ఎక్కించే ఆర్డర్‌లో, పబ్లిష్ అవ్వాలి. అది అయితేనే ఆర్మీ లెక్కలో మీరు ఆయన భార్య. డిపెండెంట్ కార్డు, క్వార్టరు, మిలిటరీ ఆస్పత్రిలో వైద్యం, రేపు దేవుడు మేలు చేయక ఏదైనా అయితే ఫ్యామిలీ పెన్షన్, అన్నీ దాని మీదే ఆధారపడతాయి. పిల్లలు పుట్టినప్పుడు వాళ్లవీ అంతే. "రాయించాను లే" అని ఆయన అంటే నమ్మండి, కానీ ఆ ఆర్డర్ నంబరు, తేదీ అడిగి పుస్తకంలో రాసుకోండి.

మన తెలుగువాళ్లకి ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గర. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో అత్తింటి ఇంటిపేరు, టెన్త్ మెమోలో ఒక్క ఇనీషియల్, ఆర్మీ కాగితంలో హిందీ క్లర్కు రాసిన స్పెల్లింగ్. నా పేరు చివర ఒక్క అక్షరం తేడా ఉందని మా కాగితం రెండుసార్లు వెనక్కి వచ్చింది, ఎనిమిది నెలలు పోయాయి. సెలవులో ఆయన ఉండగానే అన్ని కాగితాలూ నేల మీద పరిచి, పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఒకటొకటిగా పోల్చి చూడండి. ఆధార్ మార్చుకోవాలా, అఫిడవిట్ చాలా అనేది యూనిట్ క్లర్కునే అడగమనండి, బయట ఏజెంటు మాట వినొద్దు.

అలాగే నామినేషన్లు: ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో, ప్రావిడెంట్ ఫండ్‌లో, బ్యాంకులో ఎవరి పేరుంది? చాలామందికి పెళ్లికి ముందు అమ్మ పేరో నాన్న పేరో పెట్టినవి అలాగే ఉండిపోతాయి. ఇది అత్తగారి దగ్గర నుంచి లాక్కోవడం కాదు, ఆ మాట ఇంట్లో వినిపిస్తుందని భయపడి చాలామంది అడగరు. ఆయనే తల్లిదండ్రులతో చెప్పాలి, మీరు కాదు. కావాలంటే వాటా వేసి ఇద్దరి పేర్లూ పెట్టొచ్చు.

2. నిర్ణయాల్ని మూడు వరసలు చేయండి

ఇక్కడే పుస్తకం పని మొదలవుతుంది. ఒక పేజీని మూడుగా గీయండి. మొదటి వరస: నేనే చేసేవి, ఆయనకి తర్వాత చెప్పేవి. రెండోది: అడిగి చేసేవి. మూడోది: సెలవు దాకా ఆగేవి. ఇద్దరూ కూర్చుని, వీలైతే అత్తయ్య మావయ్యల్ని కూడా కూర్చోబెట్టుకుని నింపండి.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, ఒక ఎండాకాలం మా చేలో బోరు ఆగిపోయింది. బత్తాయి చెట్లు ఆకు ముడుచుకుంటున్నాయి, ట్యాంకరు నీళ్లు పోస్తే రెండు రోజులకి అయిపోతున్నాయి. రిగ్గు బండి పక్క చేలోనే ఉంది, రేపు వెళ్లిపోతాను అంటున్నాడు. ఆ రాత్రి లడఖ్ నుంచి ఆయన ఫోన్ వచ్చింది, మాట తెగి తెగి వినపడుతోంది, నేను ఎలా ఉన్నారని కూడా అడగకుండా "బోరు వేయించమంటారా వద్దా" అన్నాను. "వేయించు" అన్నారు. లైను పోయింది. ఎంత లోతో, ఎంతలో ఆపాలో మాట్లాడుకోలేదు. నాలుగు వందల అడుగుల దగ్గర చెమ్మ కనిపించింది, ఇంకో వంద పోదామన్నారు, తర్వాత ఇంకో వంద. ఆరు వందల దగ్గర కూడా తెల్ల దుమ్మే లేచి నా చీర మీద, చెట్ల మీద పడింది. మూడు రోజులకి ఫోన్ చేసి ఆయన అన్న మాట "అన్ని అడుగులు ఎవరు వేయమన్నారు?" అని. ఆయన తప్పూ కాదు, నా తప్పూ కాదు, కానీ తర్వాత నెల రోజులు ఫోన్‌లో మా ఇద్దరి మధ్యా ఆ బోరే ఉంది. అక్కడ ఆయన నిద్ర లేకుండా డ్యూటీ చేశారని, ఆయనతో పనిచేసే తోటి జవాను భార్య చెప్తే గానీ నాకు తెలియలేదు.

ఇప్పుడు మా పుస్తకంలో "బోరు: నాలుగు వందల అడుగులు, అంతకు మించి లేదు, డబ్బు ఫలానా అంత" అని రాసి ఉంటుంది. ఆస్పత్రి ఖర్చు ఎంతవరకు అడగక్కర్లేదో, చుట్టాల పెళ్లికి చదివింపులు ఎంతో, పిల్లల స్కూలు మార్చాలంటే ఏం చేయాలో, అన్నీ. వైద్యం మాత్రం ఎప్పుడూ మొదటి వరసలోనే పెట్టండి. పిల్లాడికి జ్వరం వస్తే ఎవరినీ అడగక్కర్లేదు.

పొలం పనులు రెండో వరసలో పెట్టే ముందు ఆలోచించండి. రీసర్వే నోటీసు వస్తే, ఈ-పంట నమోదు ఉంటే, గట్టు దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి. పొలం ఆయన పేరు మీద ఉండి మీరు సంతకాలు పెట్టాల్సి వస్తుందనుకుంటే, ఆ పనికి మాత్రమే పనికొచ్చే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ సెలవులోనే రాయించుకోండి. అన్నింటికీ చెల్లే జనరల్ పవర్ మాత్రం అన్నదమ్ములకైనా సరే తొందరపడి ఇవ్వొద్దు. అలా ఇచ్చి చేను పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు.

3. జీతం పడ్డ రోజే పంచేయండి

మన ఇళ్లల్లో గొడవలు ఎక్కువ భాగం డబ్బు దగ్గర మొదలవుతాయి, అదీ అత్తాకోడళ్ల మధ్య. కొడుకు పంపే డబ్బు ఇన్నాళ్లు తల్లి చేతికి వచ్చేది, ఇప్పుడు కోడలి ఏటీఎంకి వస్తోంది. ఆమెకి బాధ ఉంటుంది, పైకి చెప్పదు, కూర బాగోలేదంటుంది.

మేం చేసేది ఇది. ఆయన వెళ్లకముందే బ్యాంకులో ప్రతి నెలా ఫలానా తేదీకి అత్తయ్య అకౌంట్‌కి ఇంత వెళ్లేలా పెట్టించేశాం. నేను ఇవ్వడం, ఆమె అడగడం అనే మాట లేదు. కొడుకు పంపిన డబ్బు కొడుకు నుంచే వస్తుంది. మందులకి విడిగా. తర్వాత ఇంటి లోన్‌దో వాహనం లోన్‌దో ఈఎంఐ, తర్వాత కొంచెం అత్యవసరానికి పక్కన. మిగిలింది ఇంటి ఖర్చు. చీటీలు వేసేవాళ్లుంటే ఒక్కటే, అదీ ఊళ్లో నమ్మకమైన మనిషి దగ్గర.

ఇక్కడ జరిగే తప్పు ఒకటి చెప్పాలి. ఫీల్డ్‌లో అలవెన్సులు కలిసి జీతం పెరుగుతుంది. ఆ పెరిగిన డబ్బుకి తగ్గట్టు కొత్త ఈఎంఐ పెట్టుకుంటారు. రెండు మూడేళ్లకి ఆయన పీస్ స్టేషన్‌కి, అంటే ఫీల్డ్ కాని మామూలు పోస్టింగ్‌కి, రాగానే ఆ అలవెన్సు ఆగిపోతుంది, ఈఎంఐ ఆగదు. ఫీల్డ్ అలవెన్సుని జీతంలో కలిపి లెక్కేయకండి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవాలంటే, మూడో నెల చివర పుస్తకం తీసి చూడండి. ఎవరినైనా చేబదులు అడగాల్సి వచ్చిందా? వస్తే పంపకం మళ్లీ సర్దాలి.

4. ఫోన్‌కి పద్ధతి పెట్టుకోండి

ఇది అన్నింటికన్నా పెద్ద విషయం, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఫోన్ ఎత్తగానే మొదటి మాట "డ్యూటీ ఎప్పుడు?" అని అడగండి. రాత్రి గార్డు డ్యూటీకి గంట ముందు ఉన్న మనిషికి మీ తోడికోడలు ఏమందో చెప్పకూడదు. అది నిజమే అయినా, మీకు గొంతు దాకా వచ్చినా. పుస్తకంలో రాయండి. రెండు రోజుల తర్వాత కూడా అది చెప్పాల్సిందే అనిపిస్తే అప్పుడు చెప్పండి. నేను రాసిన వాటిలో సగం దాకా నేనే కొట్టేశాను.

అలాగని అంతా బాగుంది, అంతా బాగుంది అని కూడా చెప్పొద్దు. ఆయనకి గొంతు వింటే తెలిసిపోతుంది, అప్పుడు ఏదో దాస్తున్నారని ఇంకా టెన్షన్ పడతారు. చిన్న చిన్నవి చెప్పండి: పాప పన్ను ఊడింది, గేదె ఈనింది, మావయ్య మోకాలి నొప్పికి మందు మార్చారు. ఇంట్లో తనకి చోటుంది అనిపించేది వీటివల్లే.

చెడ్డ వార్త ఎవరు చెప్పాలో ముందే అనుకోండి. మా ఇంట్లో అది మా మరిది. మొదట ఆయన యూనిట్‌లో ఉన్న సీనియర్‌కి చెప్తాడు, వాళ్లు పక్కన ఉండి ఫోన్ చేయిస్తారు. ఒంటరిగా పోస్టులో ఉన్నప్పుడు వాట్సాప్ స్టేటస్‌లో సొంతవాళ్ల దండ వేసిన ఫోటో చూసినవాళ్లు ఉన్నారు. చుట్టాలకి కూడా ఈ సంగతి గట్టిగా చెప్పి పెట్టండి.

తర్వాత అనుమానం. ఎవరూ బయటికి చెప్పరు గానీ నన్ను చాటుగా అడిగేది ఎక్కువ దీని గురించే. ఆయన వారానికి ఒకసారి ఫోన్ చేస్తారు, అప్పుడే మీ ఫోన్ బిజీ వస్తుంది, "ఎవరితో?" అంటారు, మీకు ఒళ్లు మండుతుంది. మీ వైపు కూడా అంతే, మూడు రోజులు ఫోన్ లేకపోతే మీ మనసు ఏవేవో అనుకుంటుంది. దీనికి మాటల కన్నా ఏర్పాటు మేలు: ఆయన కోసమే ఒక చిన్న ఫోన్, వేరే నంబరు. అది ఆయనకి తప్ప ఎవరికీ ఇవ్వొద్దు. మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంటుంది, పిల్లలు కూడా ముట్టరు. అది మోగితే పొయ్యి మీద పాలు పొంగినా సరే అత్తయ్యే "ఎత్తవే" అని కేకేస్తుంది. అయినా అనుమానం ఆగకపోతే, ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ చూపించమనే దాకా వస్తే, అది ఫోన్ సమస్య కాదు. సెలవులో పెద్దవాళ్ల ముందు కూర్చుని మాట్లాడాల్సిందే.

కోపంలో ఫోన్ కట్ చేయొద్దు, ఇది ఆయనకీ చదివి వినిపించండి. తర్వాత ఫోన్ ఎప్పుడో ఇద్దరికీ తెలియదు. కట్ అయిపోతే వెంటనే ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి, సిగ్నల్ వచ్చినప్పుడు వింటారు. "కోపం ఉంది, కానీ తిన్నారా" అంటే చాలు.

జాగ్రత్తలు: ఎక్కడున్నారు, ఎప్పుడు కదులుతున్నారు అని ఫోన్‌లో అడగొద్దు, ఆయన చెప్పినా ఎవరికీ చెప్పొద్దు. యూనిఫాంలో ఉన్న ఫోటో యూనిట్ పేరుతో ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో పెట్టొద్దు. "యూనిట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ ఆయనకి డబ్బు పంపాలి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేసి, మీ దగ్గరున్న యూనిట్ నంబరుకి మీరే చేయండి. ముఖం తెలియని ఆడపిల్ల పేరుతో ఆయనకి వచ్చే ఫ్రెండ్ రిక్వెస్టుల గురించి కూడా మాట్లాడుకోండి, అలా వలేసి సమాచారం లాగే ప్రయత్నాలు నిజంగానే జరుగుతాయి.

5. ఫోన్ రాని రోజులు

పైకి వెళ్లినప్పుడు రోజుల తరబడి ఫోన్ రాకపోవడం మామూలే. సెలవు నుంచి తిరిగి ఎత్తైన చోటికి వెళ్లినవాళ్లని నేరుగా పోస్టుకి పంపరు, ఒళ్లు గాలికి అలవాటు పడాలి: తొమ్మిది వేల అడుగులు దాటాక 6 రోజులు, పన్నెండు వేలు దాటితే ఇంకో 4, పదిహేను వేలు దాటితే మళ్లీ 4. ఈ లెక్క తెలిస్తే మీకు కొంచెం స్థిమితంగా ఉంటుంది. ఏ రోజు ఎక్కడుంటారో తెలియక్కర్లేదు, రెండు వారాలు మాట తక్కువ ఉంటుందని తెలిస్తే చాలు.

2025 మే నెల గుర్తుంది కదా. 7వ తేదీ తెల్లారేసరికి టీవీలో ఆపరేషన్ సిందూర్, సెలవులో ఉన్నవాళ్లని వెనక్కి రమ్మన్నారు, 10వ తేదీ సాయంత్రం కాల్పులు ఆపే ఒప్పందం దాకా మా వీధిలో పొయ్యి సరిగ్గా వెలగలేదు. నా దగ్గర ఆ చిన్న ఫోన్ నాలుగు రోజులు మోగలేదు. ఒక ఛానెల్ ఒకటి చెప్తుంది, వాట్సాప్‌లో ఇంకోటి, ఎక్కడిదో పాత వీడియో. అప్పుడు చేసినవి, చేయాల్సినవి చెప్తాను:

- టీవీ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. మధ్యలో తీసేయండి. పెద్దవాళ్లు వినకపోతే కేబుల్ తీగ పీకేయండి.
- యూనిట్ నంబరుకి రోజుకి పది మంది చుట్టాలు చేయకుండా ఇంటి నుంచి ఒక్కరే, ఒక్కసారే.
- అదే యూనిట్ వాళ్ల భార్యలు ఒక గ్రూపుగా ఉండండి, కానీ అందులో ఫార్వర్డ్ వీడియోలు వద్దు. "మా ఆయన ఫోన్ చేశారు, అందరూ బాగున్నారట" అనే ఒక్క మెసేజ్ చాలు, ఇరవై ఇళ్లు అన్నం తింటాయి.
- చెడు జరిగితే ఆర్మీ నుంచి కబురు పద్ధతిగా వస్తుంది. ఎవరో ఫార్వర్డ్ చేసిన లిస్టు చూసి కూలబడొద్దు.

నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటితే అది మీ బలహీనత కాదు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆయనకీ ఈ నంబరు ఇవ్వండి.

6. పిల్లలు

"నాన్నకి చెప్తా, వచ్చి తోలు తీస్తారు" అని బెదిరించొద్దు. ఏడాదికి రెండుసార్లు వచ్చే మనిషిని చూసి పిల్లలు తలుపు వెనక దాక్కుంటారు, ఆ మనిషికి గుండె పగులుతుంది. మా బాబుకి రెండేళ్లప్పుడు నాన్న అంటే ఫోనే. ఆయన గుమ్మంలో నిలబడితే లోపలికి పరిగెత్తి ఫోన్ తెచ్చి "నాన్న, నాన్న" అని దాన్ని చూపించాడు. ఆయన ట్రంకు పెట్టె దించకుండా అలాగే నిలబడిపోయారు.

ఆ తర్వాత ఆయన వెళ్లేముందు కథలు చెప్తూ ఫోన్‌లో రికార్డు చేసి ఇవ్వడం అలవాటు చేశాం. పడుకునేటప్పుడు పెడతాను. ఆయన వాడిన దుప్పటి ఉతక్కుండా కొన్నాళ్లు ఉంచుతాను, వాసన ఉంటుంది. ఆయన ఫోటో గోడ మీద ఎత్తులో కాకుండా పిల్లల కంటికి ఎదురుగా, కింద పెట్టండి.

స్కూలు సంగతి: ఒంగోలు, నెల్లూరు లాంటిచోట్ల కేంద్రీయ విద్యాలయం ఉంది, కేంద్ర ఉద్యోగుల పిల్లలకి ముందు వరస. పల్లెలో ఉండాలా, స్కూలు కోసం టౌనులో అద్దెకి దిగాలా అంటే, ఫీల్డ్ మొదటి ఏడాది ఎవరో ఒక పెద్దవాళ్లు పక్కన ఉండే చోటే ఉండమంటాను. కొన్ని స్టేషన్లలో ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాలకి విడిగా క్వార్టర్లు ఇస్తారు, వాటికి అప్లై చేయమని ఆయనకి చెప్పండి, వరస పెద్దదే గానీ అప్లై చేయకుండా రాదు కదా.

7. నిజంగా అత్యవసరమైతే

జవానుకి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి, అగ్నివీర్ అయితే 30 రోజులే. ఉన్నాయి కదా అని అడిగిన రోజు రావు.

అత్యవసరంలో ఆయనకి కాదు, ముందు యూనిట్‌కి చెప్పండి. ఆస్పత్రి కాగితం ఫోటో తీసి పంపండి, డాక్టరు పేరు, సంతకం కనిపించాలి. ఆర్మీ నంబరుతో సహా చెప్తే పది నిమిషాల్లో పని మొదలవుతుంది, "మా ఆయన పేరు సుబ్బారావు" అంటే ఏ సుబ్బారావు అని వెతుకుతారు. అబద్ధం మాత్రం వద్దు. "అమ్మ సీరియస్" అని ఒకసారి అబద్ధం చెప్పి తెప్పించుకుంటే, నిజంగా సీరియస్ అయిన రోజు ఎవరూ నమ్మరు. పైగా ఒంగోలులోనో నెల్లూరులోనో రైలు దిగేదాకా రెండు రాత్రులకి పైగా ఆ మనిషి అన్నం నీళ్లు ముట్టకుండా కూర్చుని వస్తారు.

పొలం గట్టు తగాదా, ఎవరైనా బెదిరించడం లాంటివైతే ఇంకో దారి. ఒంగోలులో, నెల్లూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి, మాజీ సైనికులకే అనుకుంటారు గానీ సర్వీసులో ఉన్నవాళ్ల కుటుంబాలు కూడా వెళ్లొచ్చు. ఆయన తన కమాండింగ్ ఆఫీసర్ ద్వారా కలెక్టరుకి, ఎస్పీకి ఉత్తరం రాయించొచ్చు. దాని కాపీ పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. న్యాయ సహాయం కోసం 15100. సైనికుల కుటుంబాల కోసం 2025లో జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన అని మొదలుపెట్టింది, సైనిక సంక్షేమ కార్యాలయంలో దాని గురించి అడగండి.

8. సెలవుకి వచ్చినప్పుడు

విచిత్రంగా అనిపిస్తుంది గానీ గొడవలు ఎక్కువ ఆయన వచ్చిన మొదటి వారంలోనే వస్తాయి. ఆరు నెలలు మీరు ఇల్లు మీ పద్ధతిలో నడిపారు. ఆయన వచ్చి పిల్లల్ని ఐదింటికి లేపుతారు, బీరువా సర్దేస్తారు, గిన్నెలు ఇక్కడెందుకున్నాయంటారు. మీకేమో ఆయన రాగానే మీ బరువు సగం తీసుకుంటారని ఆశ. ఆయనకేమో పడుకోవాలని ఆశ.

మొదటి నాలుగు రోజులు ఏమీ అడగొద్దు. తిననివ్వండి, నిద్రపోనివ్వండి. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడి లేస్తే నవ్వొద్దు, పిల్లల్ని నవ్వనివ్వొద్దు. చుట్టాల ఇళ్లకి తిప్పడం, గుడి మొక్కులు, పెళ్లిళ్లు ఐదో రోజు నుంచి. ఆ రోజే పుస్తకం తీయండి. అందులో రాసుకున్న మూడో వరస పనులన్నీ అప్పుడు. బ్యాంకు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, ఆధార్ సెంటరు పనులు సెలవు మొదటి సగంలోనే పెట్టండి, చివరి వారానికి తోస్తే కావు. చివరి వారం మీ ఇద్దరిది, పిల్లలది.

ఇంటి పనిలో ఏదో ఒకటి పూర్తిగా ఆయనకి వదిలేయండి. పాపని స్కూలుకి దింపడం కావచ్చు. ఎలా దింపినా మీరు సరిదిద్దొద్దు.

ఇక ఇది కూడా చెప్పాలి. సెలవంతా తాగుడు, చేయి చేసుకోవడం ఉంటే దాన్ని "పాపం అక్కడ కష్టపడి వచ్చారు" అని సర్దుకోవద్దు. అక్కడి కష్టం నిజమే, దెబ్బ కూడా నిజమే. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు, కమాండింగ్ ఆఫీసర్‌కి మీరే ఉత్తరం రాయొచ్చు. భార్యాబిడ్డల్ని పోషించకపోతే జీతంలోంచి కోసి ఇప్పించే ఏర్పాటు ఆర్మీ చట్టంలోనే ఉంది. ఉద్యోగం పోతుందేమోనని భయపెడతారు చుట్టుపక్కల వాళ్లు. ముందు మీరు, పిల్లలు బతికి ఉండాలి.

పద్ధతి నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

ఆరు నెలలకోసారి ఈ నాలుగు చూసుకోండి. ఆయన లేకుండా మీరు తీసుకున్న నిర్ణయాల్లో తర్వాత గొడవైనవి ఎన్ని? ఫోన్ పెట్టేశాక మనసు తేలికైన రోజులు ఎక్కువా, బరువెక్కినవి ఎక్కువా? పిల్లలు ఆయన పేరు వాళ్లంతట వాళ్లే తీస్తున్నారా? మీకు జ్వరం వస్తే అన్నం వండిపెట్టే మనిషి ఒకరైనా పక్కన ఉన్నారా? చివరిదానికి లేదు అని జవాబొస్తే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని చూడండి, పుట్టింటికైనా వెళ్లండి, వెళ్తే నలుగురూ ఏమనుకుంటారో అని ఆగొద్దు.

9. బయల్దేరే రోజు

పొద్దున్నే గొడవ పెట్టుకోవద్దు. చాలా ఇళ్లలో ఆ రోజే గొడవ అవుతుంది, ఏడుపు ఆపుకోలేక ఇద్దరూ చిన్న విషయానికి అరుచుకుంటారు. ముందు రోజు రాత్రికే సామాను సర్దేసి తాళం వేయండి, ఇద్దరికీ ఆ పొద్దున చేయడానికి పని లేకుండా. స్టేషన్‌కి అందరూ వెళ్లక్కర్లేదు. పిల్లలు నిద్రపోతుండగా వెళ్లిపోవద్దు, లేపి చెప్పి వెళ్లమనండి. చెప్పకుండా వెళ్తే తర్వాత వారం రోజులు రాత్రుళ్లు లేచి వెతుక్కుంటారు.

పచ్చళ్లు పెట్టేవాళ్లకి ఒక మాట: గాజు సీసాలు వద్దు, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా, మూత చుట్టూ టేపు, పైన రెండు ప్లాస్టిక్ కవర్లు. మంచు ప్రాంతమైతే నూనె గడ్డకడుతుంది, తినే ముందు వేడి నీళ్ల గిన్నెలో కాసేపు ఉంచమనండి. గోంగూర కన్నా పల్లీల పొడి, నువ్వుల ఉండలు బాగా నిలుస్తాయి, బ్యారక్‌లో పది మందికి పంచుకోవచ్చు కాబట్టి కొంచెం ఎక్కువే పెట్టండి. తర్వాత పోస్టులో పంపాలంటే అడ్రసు ఇలా: నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, యూనిట్ పిన్‌కోడ్, కేరాఫ్ 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ. ఊరి పేరు, రాష్ట్రం పేరు రాయొద్దు. చేరడానికి రోజులు పడుతుంది, పుట్టినరోజుకి అందాలంటే నెల ముందే పోస్టాఫీసుకి వెళ్లండి.